ఖాళీ తూటాల లెక్క

ఖరగ్‌పూర్‌లో ప్రేమ్ బజార్ చుట్టుపక్కల కాసేపు నడిస్తే చాలు, తుపాకీ చరిత్ర ఎదురవుతుంది. ఐఐటీ ఆవరణలోని హిజ్లీ భవనం ఒకప్పటి నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న అక్కడ నిరాయుధులైన ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు విడిచారు. 1944లో అదే భవనంలో అమెరికా 20వ బాంబర్ కమాండ్ మకాం పెట్టింది. సలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్రం ఉంది. ఇంకొంచెం అవతల కలైకుండ వైమానిక స్థావరం. రైలుకట్టకు ఆ పక్కన, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వచ్చి మూడు నాలుగు తరాలుగా స్థిరపడ్డ మన తెలుగువాళ్ల ఇళ్లు.

ఇక్కడి తుపాకుల గురించి, వాటిని పట్టినవాళ్ల గురించి చాలామంది రాశారు. తూటా గురించి రాసినవాళ్లు అరుదు. నా అభిప్రాయంలో ఈ దేశంలో తుపాకీ కథలన్నిటినీ ముగించింది తూటాయే. తుపాకీ ఒకసారి చేతికొస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. తూటా అలా కాదు, పేల్చిన ప్రతిసారీ మళ్లీ వెతుక్కోవాలి. ఎక్కడ వెతుక్కోవాలో, ఎవరిని అడగాలో, ఎవరు ఇవ్వరో, ఆ చరిత్రే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

రైఫిల్ తూటాకు నాలుగు భాగాలు. ఇత్తడి గుల్ల, దాని అడుగున సూది దెబ్బకు నిప్పు రాజేసే టోపీ, లోపల మందు, మూతి దగ్గర గుండు. పేలాక మిగిలేది ఇత్తడి గుల్ల ఒక్కటే. షూటింగ్ రేంజిలో దాన్నే ఖోకా అంటారు. తక్కిన మూడూ దొరికితే ఆ ఖోకాను మళ్లీ నింపి వాడుకోవచ్చు. అమెరికాలో 1870ల నుంచే ఇంట్లో కూర్చుని తూటాలు నింపుకునే పరికరాలు అమ్మకానికి వచ్చాయి. జాన్ బార్లో అనే ఆయన 1884లో ఐడియల్ కంపెనీ పెట్టి, చేతిలో ఇమిడే పట్టకారులాంటి పనిముట్టును ఊరూరా చేర్చాడు. అక్కడ అది రైతుకు, వేటగాడికి మామూలు ఇంటిపని అయింది. మన దగ్గర అదే పని మొదటి నుంచీ ప్రభుత్వం కంటిలో నలుసు.

ఎందుకో తెలియాలంటే ఇత్తడి కన్నా ముందు కాలానికి వెళ్లాలి. అప్పట్లో అన్నిటికన్నా విలువైనది సురేకారం. బీహార్ మట్టిలోంచి నూనియా కులస్థులు తీసే ఆ ఉప్పు లేకపోతే ఐరోపా ఫిరంగులు మూగబోయేవి. ప్లాసీ యుద్ధం గెలిచిన మరుసటి ఏడాదే, 1758లో, క్లైవ్ మీర్ జాఫర్ చేత బీహార్ సురేకారం మీద కంపెనీకి గుత్తహక్కు రాయించుకున్నాడు. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు ఇక కంపెనీ గుమ్మం దగ్గర నిలబడి కొనుక్కోవలసిందే. 1787లో కలకత్తాకు ఎగువన ఇషాపూర్‌లో మందు కార్ఖానా పెట్టారు. కాశీపూర్‌లో ఫిరంగి బండ్ల కార్ఖానా, డమ్‌డమ్‌లో తూటాల పని ఆ తర్వాత వచ్చాయి. హుగ్లీ ఒడ్డున ఒక ఇరవై మైళ్ల మేర తూర్పు భారతదేశపు మందుగుండంతా పోగుపడింది. దక్కనులో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795 ప్రాంతంలో హైదరాబాదులో ఫిరంగులూ గుండ్లూ పోతపోసే కార్ఖానా పెట్టాడు. గన్‌ఫౌండ్రీ అనే పేటపేరు దాని గుర్తే. రేమండ్ 1798లో చనిపోయాడు. అదే ఏడాది ఇంగ్లీషువాళ్లు నిజాం ఫ్రెంచి దళాన్ని రద్దు చేయించారు. సొంతంగా మందుగుండు చేసుకోగల సంస్థానం పక్కన ఉండటం కంపెనీకి ఎంత ఇబ్బందో ఆ తొందరలోనే కనిపిస్తుంది.

తూటా మీద ఈ దేశంలో పుట్టిన మొదటి పెద్ద తగవు డమ్‌డమ్‌లోనే మొదలైంది. 1857 జనవరిలో అక్కడి కార్ఖానా ఖలాసీ ఒకడు ఒక బ్రాహ్మణ సిపాయిని నీళ్లు అడిగాడని, సిపాయి కులం చూసి నిరాకరిస్తే, ఆవు కొవ్వూ పంది కొవ్వూ పూసిన తూటాలు నోట కొరికే రోజు రానే వచ్చింది గదా అని ఖలాసీ అన్నాడని చరిత్రలన్నీ చెబుతాయి. ఎన్‌ఫీల్డ్ తుపాకీ కాగితపు తూటా అది. ఫిబ్రవరి 26న బహరంపూర్‌లో ఒక పటాలం తుపాకీ టోపీలు తీసుకోవడానికి నిరాకరించింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తుపాకీ ఎత్తాడు. తిరుగుబాటు అణిచాక తెల్లదొరలు నేర్చుకున్న పాఠం ఒకటే. దేశీ సిపాయి చేతిలో ఎప్పుడూ ఒక తరం పాత తుపాకీ ఉండాలి. బ్రిటిష్ సైనికుడికి స్నైడర్ వచ్చిన చాలా ఏళ్లకు గాని అది సిపాయికి రాలేదు. ఆ వరసలోనే 1878లో లిట్టన్ దొర ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేని భారతీయుడి దగ్గర తుపాకీ ఉంటే నేరం, మందుగుండు ఉన్నా నేరం. ఐరోపావాళ్లకూ ఆంగ్లో ఇండియన్లకూ మినహాయింపు. తూటా కొనే హక్కు చర్మం రంగును బట్టి నిర్ణయమైన కాలం అది. అప్పటి జాతీయ నాయకులు దాన్ని జాతికి జరిగిన అవమానంగా ఏళ్ల తరబడి ఎత్తిచూపడంలో ఆశ్చర్యం లేదు.

కాగితం పోయి ఇత్తడి వచ్చాక లెక్క మారింది. ఖాళీ గుల్లకే విలువ వచ్చింది. వాయవ్య సరిహద్దులో పఠాన్లు దీన్ని అందరికన్నా ముందు గ్రహించారు. యుద్ధభూమిలో సైన్యం వదిలిపోయిన గుల్లలు ఏరుకుని మళ్లీ నింపుకునేవారు. కొహాట్ కనుమలోని దర్రా ఆదమ్‌ఖేల్‌లో అఫ్రీదీలు తుపాకులే స్వయంగా తయారుచేశారు. అందుకే సైన్యంలో పేల్చిన ప్రతి ఖోకానూ లెక్కపెట్టి తిరిగి అప్పగించే ఆనవాయితీ బలపడింది. అది ఇప్పటికీ పోలీసు రేంజిల్లో కనిపిస్తుంది. పది గుళ్లు తీసుకున్నవాడు పది ఖోకాలు తిరిగి ఇవ్వాలి, ఒకటి తగ్గితే గడ్డిలో దీపం పెట్టి వెతకాలి.

1907లో ప్రభుత్వం మరో అడుగు ముందుకేసింది. సైన్యం వాడే కొలతల రైఫిళ్లను ఇండియాలో పౌరులు వాడకూడదని నిషేధించింది. దొంగిలించిన సైనిక రైఫిలులో షికారు దుకాణంలో కొన్న తూటా ఇమడకూడదన్నది ఉద్దేశం. ఈ ఒక్క ఉత్తర్వుతో లండన్ తుపాకీ కంపెనీలు .450 వదిలిపెట్టి .465, .470, .475 అంటూ కొత్త కొలతలు కనిపెట్టవలసి వచ్చింది. ఆఫ్రికాలో ఏనుగుల వేటకు ప్రసిద్ధికెక్కిన ఆ తూటాలు పుట్టడానికి కారణం ఇండియాలో పాలకుల భయం. స్వతంత్ర భారతంలో పొలాల కాపలాకు, బ్యాంకు గార్డులకు కనిపించే ఇషాపూర్ .315 రైఫిలు కూడా ఆ ఆలోచన వారసత్వమే. 1904లో మందు కార్ఖానా స్థలంలో మొదలైన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఇంకో తెలివైన పని చేసింది. సైన్యపు .303 రైఫిళ్ల నళికలను నునుపైన .410 నళికలుగా మార్చి, ఒక్కో గుండు మాత్రమే పేలేలా కట్టడి చేసి పోలీసులకూ కాపలాదారులకూ ఇచ్చింది. పోగొట్టుకున్నా పెద్ద నష్టం లేని తుపాకీ అన్నమాట.

మళ్లీ నింపుకోవడానికి ఇంకో అడ్డు కూడా ఉంది. టోపీలు రెండు రకాలు. ఇంగ్లీషు కల్నల్ బాక్సర్ పేరు మీద ఒకటి, అమెరికన్ బెర్డాన్ పేరు మీద ఒకటి. విచిత్రంగా ఇంగ్లీషువాడిది అమెరికాలో, అమెరికన్‌ది ఐరోపాలోనూ ఇండియాలోనూ స్థిరపడ్డాయి. బాక్సర్ రకం పాత టోపీ సులువుగా ఊడివస్తుంది. బెర్డాన్ రకం రాదు. కిర్కీ కార్ఖానా .303 తూటాలు బెర్డాన్ రకానివి. కాబట్టి ఖోకా దొరికినా, మందు దొరికినా ఇక్కడ పని అంత తేలిక కాదు.

ఇక మన రైలుదారికి వద్దాం. ఖరగ్‌పూర్ నుంచి మద్రాసు వైపు పోయే రైలు బాలాసోర్ దాటుతుంది. 1915 సెప్టెంబరు 9న బాలాసోర్ దగ్గర చాసాఖండ్‌లో, బుఢాబలంగ్ నది సమీపాన విప్లవకారుడు బాఘా జతీన్, అతని నలుగురు సహచరులు పోలీసులను ఎదుర్కొన్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి మౌజర్ పిస్తోళ్లు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో తుపాకులు అమ్మే రోడ్డా కంపెనీకి వచ్చిన సరుకును కస్టమ్స్ హౌస్ నుంచి ఎడ్లబండ్ల మీద తరలిస్తూ ఆ కంపెనీ ఉద్యోగి శ్రీశ్ మిత్ర ఒక బండిని దారి మళ్లించాడు. 50 మౌజర్లు, 46,000 తూటాలు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు బెంగాల్‌లో జరిగిన విప్లవ ఘటనల్లో ఈ మౌజర్ లేనివి తక్కువ. జతీన్ ఎదురుచూసింది ఇంకా పెద్ద సాయం కోసం. గదర్ పార్టీ వాళ్లూ జర్మనీ వాళ్లూ కలిసి అమెరికా నుంచి పంపదలచిన వేలాది రైఫిళ్లూ లక్షల తూటాలూ ఆనీ లార్సెన్ ఓడలో బయలుదేరాయి. వాటిని అందుకోవలసిన మావెరిక్ ఓడ ఆ ఓడను కలుసుకోలేకపోయింది. సరుకు అమెరికా రేవులోనే పట్టుబడింది. ఆ గదర్ పార్టీలో మన తెలుగువాడు దరిశి చెంచయ్య ఉన్నాడు. కాలిఫోర్నియాలో చదువుకోడానికి వెళ్లి పార్టీలో చేరి, సయాంలో పట్టుబడి, ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గాడు. చాసాఖండ్‌లో గంటకు పైగా పోరు సాగింది. తూటాలు అయిపోయాయి. మర్నాడు జతీన్ బాలాసోర్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. మౌజరు తూటా కలకత్తా బజారులో కొనుక్కునే సరుకు కాదు. ఎత్తుకొచ్చిన 46,000 అయిపోతే మళ్లీ తెచ్చేదారి లేదు.

అదే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మార్గానికి దక్షిణపు కొస వాల్తేరు. అక్కడి నుంచి కొండలెక్కితే చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణా మీద, 23న కృష్ణదేవిపేట మీద, 24న రాజవొమ్మంగి మీద దాడి చేశాడు. మూడు ఠాణాల్లో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు తీసుకున్నాడు. తీసుకున్నదాన్ని ఠాణా పుస్తకంలో రాసి సంతకం చేసి మరీ వెళ్లాడు. మన సాహిత్యం, సినిమా ఆ సంతకాన్ని బాగా గుర్తుపెట్టుకున్నాయి. నన్ను ఎప్పుడూ ఆపేది మాత్రం ఆ అంకెలే. 26 తుపాకులకు 2,500 తూటాలంటే ఒక్కో తుపాకీకి వంద కూడా లేవు. మన్యంలో రెండేళ్ల యుద్ధానికి అది మూలధనం. ప్రభుత్వం వెంటనే పసిగట్టింది. అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం ఠాణాలకు రాజు వచ్చేసరికి ఆయుధాలు ముందే తరలించేశారు. ఠాణాలు దొరికాయి, తూటాలు దొరకలేదు. మధ్యలో సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ దొరలు చనిపోయినప్పుడు ప్రభుత్వం వణికిన మాట నిజమే. అయితే డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర తిన్న ఎదురుదెబ్బతో గాలి మళ్లింది. మలబార్ పోలీసులు వచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చారు. వాళ్ల వెనక కిర్కీ, ఇషాపూర్, డమ్‌డమ్ కార్ఖానాలు ఉన్నాయి. కోయ వీరుల వెనక విల్లంబులు ఉన్నాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును చెట్టుకు కట్టి కాల్చారు. ఆయన సాహసాన్ని పాడుకుంటూ, ఆయనను ఒంటరి చేసిన ఆ తూటాల లెక్కను పట్టించుకోకపోవడం మనం ఆయనకు చేసే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ ఏళ్లలో ఖరగ్‌పూర్ ఎలా ఉంది? 1920 చట్టంతో ఏర్పడ్డ ఆగ్జిలరీ ఫోర్సులో చేరే హక్కు ఐరోపావాళ్లకూ ఆంగ్లో ఇండియన్లకూ మాత్రమే. రైల్వే బంగ్లాల్లో ఉండే డ్రైవర్లు, ఫోర్‌మన్లు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బెటాలియన్‌లో ఆదివారం కవాతు చేసేవారు. రైఫిళ్లు వాళ్లవి, తూటాలు ప్రభుత్వానివి. అదే వర్క్‌షాపులో సమ్మెట కొట్టే తెలుగువాడికి, బెంగాలీకి ఆ ఆయుధశాల గుమ్మం తొక్కే వీలు లేదు. 1927 సమ్మెలో ఆ ఆగ్జిలరీ వాళ్ల బయొనెట్లే కార్మికుల మీదికి దూసుకొచ్చాయి. ఆ రోజుల్లో రైల్వే సంఘానికి నాయకత్వం వహించిన వి.వి.గిరి తర్వాత ఈ దేశానికి రాష్ట్రపతి అయ్యారు. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలు ఆయన పేరును ఇప్పటికీ సొంతమనిషి పేరులా పలకడానికి కారణం ఆ సమ్మె రోజులే.

ఇలాంటి రైల్వే ఊరే చిట్టగాంగ్. అస్సాం బెంగాల్ రైల్వేకు అది కేంద్రం. 1930 ఏప్రిల్ 18 రాత్రి సూర్యసేన్ దళం అక్కడి పోలీసు ఆయుధశాలనూ ఆగ్జిలరీ ఫోర్సు ఆయుధశాలనూ ఒకేసారి పట్టుకుంది. ఆగ్జిలరీ ఆయుధశాల తలుపులు బద్దలు కొడితే రైఫిళ్లు ఉన్నాయి, లూయిస్ గన్ ఉంది. తూటాలు మాత్రం అక్కడ లేవు, వేరే చోట దాచారు. ఎన్నో నెలలు పథకం వేసిన ఆ యువకులు దొరికిన ఆయుధాలకు నిప్పుపెట్టి వెనక్కి తిరిగారు. నాలుగు రోజుల తర్వాత జలాలాబాద్ కొండ మీద పాత మస్కెట్లతో సైన్యాన్ని ఎదిరించారు. పన్నెండు మంది నేలకొరిగారు. చరిత్రలో నేను చదివిన దృశ్యాల్లో ఇంతగా గుండె పిండేది ఇంకొకటి లేదు. తుపాకీని ఒక చోట, తూటాను మరో చోట ఉంచడమనే గుమాస్తా నియమం ఒక తిరుగుబాటు తలరాత మార్చింది. ఖరగ్‌పూర్‌కు పొరుగున మిడ్నాపూర్‌లోనూ ఇలాంటి దురదృష్టమే. 1932 ఏప్రిల్ 30న మేజిస్ట్రేట్ డగ్లస్ మీద కాల్పులు జరిపినప్పుడు ప్రద్యోత్ భట్టాచార్య రివాల్వర్ మొరాయించింది. తోటివాడు ప్రభాంశు పాల్ తప్పించుకున్నాడు. ప్రద్యోత్ దొరికిపోయి 1933 జనవరి 12న ఉరికంబం ఎక్కాడు.

తూటా కరవు తిరుగుబాటుదార్లకే కాదు, ప్రభువుకూ వచ్చింది. 1948లో భారత ప్రభుత్వం దిగ్బంధం చేస్తే నిజాం సైన్యానికి మందుగుండు అందే దారి మూసుకుపోయింది. అప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రివేళ ఆయుధాలు చేరవేశాడు. బీదర్, వరంగల్ విమానాశ్రయాలు ఆ రాత్రులకు సాక్షులు. అవి నిజాంను ఐదు రోజులకు మించి నిలబెట్టలేదు. సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య 17తో ముగిసింది. అదే సమయంలో నల్లగొండ, వరంగల్ పల్లెల్లో రజాకార్లను ఎదిరించిన దళాల చేతుల్లో ఉన్నవి దొరల గడీల నుంచీ పోలీసుల నుంచీ గుంజుకున్న తుపాకులు, నళికలో మందు దట్టించే భర్మార్లు. తూటాల తుపాకీ ఉన్నా తూటా దొరకని చోట పల్లె మనిషికి భర్మారే దిక్కు.

స్వాతంత్ర్యం వచ్చాక చర్మం రంగు లెక్క పోయింది. అనుమానం పోలేదు. 1962 అక్టోబరులో అమలులోకి వచ్చిన 1959 ఆయుధాల చట్టం తూటాతో పాటు తూటా భాగాలనూ, తూటాలు చేసే యంత్రాలనూ మందుగుండు కిందే లెక్కగట్టింది. లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే శిక్ష. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉంటుంది. కొన్ని రాష్ట్రాల్లో కొత్తవి కావాలంటే పాత ఖోకాలు చూపించాలి. 1972 వన్యప్రాణి చట్టంతో షికారు ముగిసింది. ఖరగ్‌పూర్ బంగ్లాల్లో ఇత్తడి గుల్లలు తుడిచి దాచుకునే ఆంగ్లో ఇండియన్ తరం కూడా ఆస్ట్రేలియాకో, ఇంగ్లండుకో వెళ్లిపోయింది. 1980లలో తుపాకుల దిగుమతికీ తలుపులు మూశారు.

ఈ కట్టడిని వలస ప్రభుత్వపు పాత భయమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. 1995 డిసెంబరు 17 రాత్రి ఖరగ్‌పూర్‌కు వాయవ్యాన పురూలియా పల్లెల మీద ఒక విమానం ఏకే 47 తుపాకులనూ లక్షల తూటాలనూ కుమ్మరించి పోయింది. 2010 ఫిబ్రవరి 15న శిల్దాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి 24 మంది జవాన్లను చంపి ఆయుధాలు పట్టుకుపోయారు. ఆ జవాన్ల దళానికి కేంద్రం సలువా. ప్రేమ్ బజార్‌లో ఉండేవాళ్లకు శిల్దా వార్త పేపరులో చదివిన దూరపు వార్త కాదు. అడవిలో పేలే తూటా ఎక్కడిదో తెలిసిన మనిషి ఖోకాల లెక్క చాదస్తమని అనడు.

అయితే ఆ కట్టడి బరువంతా ఇప్పుడు ఎవరి మీద పడుతోంది? క్రీడాకారుల మీద. 1951లో జాతీయ రైఫిల్ సంఘం పుట్టింది, లోక్‌సభ తొలి స్పీకర్ మావ్‌లంకర్ దాని మొదటి అధ్యక్షుడు. అప్పటి నుంచీ షూటరుకు పెద్ద పోటీ తూటా సంపాదించడమే. ఒలింపిక్ .22 తూటా ఇంగ్లండులోనో, జర్మనీలోనో తయారవుతుంది. దాన్ని మళ్లీ నింపే మార్గం లేదు, దాని టోపీ మందు గుల్ల అంచులోనే కలిసి ఉంటుంది. సంఘం ద్వారా, అనుమతుల ద్వారా, విమానాల ద్వారా రావాలి. 300 మీటర్ల పెద్ద రైఫిలు ఆటలో ఇతర దేశాల వాళ్లు తమ నళికకు తగ్గట్టు మందు తూచి సొంత తూటా నింపుకుంటారు. మనవాళ్లలో పౌరులకు ఆ వెసులుబాటు అరుదు. ఆ విదేశాల్లోనూ కరవు వచ్చిన రోజులున్నాయి. 2012 చివర్లో కనెటికట్ బడి కాల్పుల తర్వాత అమెరికాలో దుకాణాలు ఖాళీ అయ్యాయి, 2020 మహమ్మారి రోజుల్లో టోపీలు బంగారమయ్యాయి, 2022 నుంచి ఉక్రెయిన్ యుద్ధానికి ఫిరంగి గుండ్లు కావలసి వచ్చి మందుకు మూలమైన నైట్రోసెల్యులోజ్‌కు ఎక్కడలేని గిరాకీ వచ్చింది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదు గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిలులో కాంస్యం గెలిచాడు. అదే పోటీల్లో కలకత్తా జయ్‌దీప్ కర్మాకర్ 50 మీటర్ల ప్రోన్‌లో 1.9 పాయింట్ల తేడాతో నాలుగో స్థానంలో మిగిలిపోయాడు. గగన్ ఆటలో పెల్లెట్‌కు మందు అక్కర్లేదు. జయ్‌దీప్ ఆటలో ప్రతి సాధన గుండూ విదేశం నుంచి రావాలి. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విడదీశారు. వాటిలో మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్‌కు తూటాల పని, కాన్పూరులోని అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్‌కు ఇషాపూర్‌తో సహా తుపాకుల పని అప్పగించారు. 1787లో మందు పుట్టిన ఇషాపూర్‌కు కూతవేటు దూరంలో పెరిగే బెంగాలీ కుర్రవాడికి, గన్‌ఫౌండ్రీ వీధుల్లో పెరిగే హైదరాబాదు పిల్లకు పోటీ స్థాయి .22 తూటా సొంత దేశపు పెట్టెలో దొరకాలని, రేంజిలో అధికారి కళ్లముందు, ఖోకాలన్నీ లెక్కపెట్టి, క్లబ్బు తాళం కింద తూటా నింపుకునే అనుమతి అర్హులైన పెద్ద రైఫిలు ఆటగాళ్లకు రావాలని నేను కోరుకుంటున్నాను. లెక్క రాసే పుస్తకం మన దగ్గర ఎలాగూ ఉంది.